వేడిని మోసే ఇనుము



అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళేవాళ్ళందరికీ పెనుకొండ తెలుసు. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు వచ్చి నిలదొక్కుకున్న కోట అది. ఆ పెనుకొండకు దగ్గర్లోనే ఎర్రమంచి గ్రామం వద్ద ఇవాళ కియా కార్ల కర్మాగారం ఉంది. 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారు చేయగల ఫ్యాక్టరీ అది. గొల్లపల్లి రిజర్వాయరుకు చేరే హంద్రీ-నీవా నీళ్ళు దానికి ఆధారం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేల మీద, వానకోసం ఆకాశం చూసే ఊళ్ళ మధ్య, కార్లు పుడుతున్నాయి.

వాటిలో మామూలు బండ్లతో పాటు వేగం కోసం కొనేవీ ఉన్నాయి. 2019లో వచ్చిన టర్బో పెట్రోలు ఇంజనుది 140 గుర్రాల శక్తి. 2023లో వచ్చిన ఒకటిన్నర లీటర్ల టర్బోది 160. ఒకప్పుడు అంత శక్తి గల కారు చూడాలంటే బెంగళూరు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ధర్మవరంలో చీరల వ్యాపారి ఇంటి ముందు, కదిరిలో డాక్టరుగారి ఇంటి ముందు కనబడుతోంది. ఆ బండి వంద వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుందో కుర్రవాళ్ళు కంఠతా చెబుతారు. వందలో ఉన్న బండిని నిలబెట్టే వస్తువు ఏదో, అది అరిగితే కొత్తది ఎలా ఎంచుకోవాలో, ఎలా బిగించాలో మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. ఈరోజు ఆ వస్తువు గురించే మాట్లాడతాను. అదే బ్రేకు డిస్కు. కొందరు రోటారు అంటారు. మన షెడ్లలో అందరూ డిస్కు అనే అంటారు కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను.

ముందు ఒక లెక్క చెబుతాను. మనుషులతో కలిపి 1500 కిలోల బరువున్న కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దాన్ని పూర్తిగా ఆపితే, ఆ పరుగులో ఉన్న శక్తి అంతా వేడిగా మారాలి. శక్తికి మాయమయ్యే దారి లేదు, రూపం మారడమే ఉంది. ఆ వేడి ఎంతో తెలుసా? దాదాపు మూడు లీటర్ల చన్నీళ్ళు కుతకుతమని మరిగేంత. అదే కారు 60లో పోతుంటే ముక్కాలు లీటరు నీళ్ళు మరిగేంత. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. గట్టిగా బ్రేకు తొక్కితే ఆ మూడు లీటర్ల వేడి నాలుగైదు సెకన్లలో పుట్టి తీరాలి. గుర్రాల్లో చెప్పాలంటే అది సుమారు 250 గుర్రాల పని. ఇంజనుది 160 అయితే బ్రేకులది అంతకంటే పెద్ద చేయి.

ఇప్పుడు హార్స్‌లీ కొండ సంగతి. మదనపల్లె దగ్గరున్న ఆ కొండకు మన వైపు నుంచి ఎండాకాలంలో చల్లదనం కోసం ఎంతోమంది వెళతారు. పైన ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 1265 మీటర్లు. ఆ ఘాటులో 500 మీటర్ల ఎత్తు దిగితే చాలు, 120 వేగం నుంచి దాదాపు తొమ్మిది సార్లు ఆపినంత వేడి పుడుతుంది. పెద్ద బిందెడు నీళ్ళు, అంటే పాతిక లీటర్లు, మరిగించే వేడి. గేరు తగ్గించి ఇంజను పట్టుతో దిగితే అందులో చాలా భాగం ఇంజను తీసుకుంటుంది. గేరు పట్టించుకోకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే మొత్తం డిస్కుల మీద పడుతుంది.

అందుకే నేను బ్రేకు డిస్కును వేడిని మోసే పాత్ర అంటాను. ప్యాడ్లు దాన్ని పట్టుకుంటాయి, వేడి పుడుతుంది. డిస్కు ఆ వేడిని తనలోకి తీసుకుని, మెల్లగా గాలికి అప్పజెబుతుంది. డిస్కు ఎంచుకోవడంలో గానీ బిగించడంలో గానీ మీకు ఏ అనుమానం వచ్చినా ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎంత వేడి మోయగలదు? ఆ వేడిని ఎలా దించుకుంటుంది? తక్కిన మాటలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

డిస్కు బ్రేకు ఊహ చాలా పాతది. 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు దానికి పేటెంటు తీసుకున్నారు. ఆయన రాగి ప్యాడ్లు వాడారు. ఇనుము మీద రాగి రుద్దుకుంటే పుట్టే కీచుమోత ఎవరూ భరించలేకపోయారు. ఆ తర్వాత యాభై ఏళ్ళ దాకా కార్లకు డ్రమ్ము బ్రేకులే రాజ్యమేలాయి. మన అంబాసిడర్లు, జీపులు తిరిగిన రోజుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. డ్రమ్ములో వేడి లోపలే ఉండిపోతుంది. 1953లో ఫ్రాన్సులోని లమాన్ అనే ఊళ్ళో జరిగే 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులు బిగించిన జాగ్వార్ కారు గెలిచింది. రోజంతా, రాత్రంతా సగటున గంటకు 160 కిలోమీటర్లు దాటిన వేగంతో పరిగెత్తింది. తక్కిన కార్ల డ్రమ్ములు కాగి పట్టు వదిలేస్తుంటే, దీని డిస్కులు గాలిలో చల్లబడుతూ ప్రతి మలుపులో ఒకే తీరుగా పట్టాయి. ఆ ఒక్క పందెంతో ప్రపంచానికి నమ్మకం కుదిరింది.

డిస్కు చేసేది బూడిదరంగు పోత ఇనుముతో. ఉక్కు కాదు, పోత ఇనుమే. ఈ ఇనుము లోపల గ్రాఫైటు సన్నటి రేకుల్లా పరచుకుని ఉంటుంది. ఆ రేకులు వేడిని త్వరగా లోపలికి లాక్కుంటాయి. మోతను మింగేస్తాయి. కార్బను కాస్త ఎక్కువ కలిపిన పోత ఇనుము ఇంకా మెత్తగా, ఇంకా నిశ్శబ్దంగా వేడిని మోస్తుంది. వేగంగా నడిపేవాళ్ళకు హై కార్బన్ డిస్కు వేసుకొమ్మని మంచి మేస్త్రీలు చెప్పడానికి కారణం ఇదే.

దాన్ని పట్టుకునే ప్యాడ్లలో మన సీమ మట్టి వాసన ఉంది. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో తవ్వే బెరైట్సును మన జనం ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో అదొకటి. ఎక్కువ భాగం చమురు బావులు తవ్వే పనికి పోతుంది. కానీ అదే ఖనిజం మెత్తగా నూరి బ్రేకు ప్యాడ్ల మిశ్రమంలోనూ కలుపుతారు. ఎంత వేడిలోనైనా అది చెదరదు. వాకిట్లో ముగ్గు వేసిన రాయి కారును ఆపే పనిలోనూ ఉంది. పులివెందుల ప్రాంతంలో దొరికే రాతినార సంగతి వేరు. దాన్నే ఆస్బెస్టాస్ అంటారు. ఆ జాతి నారను పాతకాలంలో బ్రేకు లైనింగుల్లో వాడేవారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాంతకమని తేలాక మంచి తయారీదారులు మానేశారు. పాత బండ్లలో, ఊరూపేరూ లేని చవక ప్యాడ్లలో ఏముందో మనకు తెలియదు. అందుకే షెడ్డులో పనిచేసే పిల్లలకు ఒక్క మాట చెబుతాను. చక్రం విప్పగానే ఎయిర్ గన్‌తో ఆ నల్లటి పొడి ఊదకండి నాయనా. తడిగుడ్డతో తుడవండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి.

ఇక డిస్కు ఎప్పుడు మార్చాలి? ప్రతి డిస్కు అంచు మీదో, నడిమి టోపీ భాగం మీదో కనిష్ఠ మందం అచ్చు వేసి ఉంటుంది. మిన్ అనే అక్షరాలు, పక్కన మిల్లీమీటర్ల అంకె. ఉదాహరణకు కొత్తది 26 మిల్లీమీటర్లుంటే, 24 దగ్గర గడువు తీరవచ్చు. చూశారా, మనకు వాడుకోవడానికి ఇచ్చింది రెండు మిల్లీమీటర్లే. కొలిచేటప్పుడు అంచు దగ్గర అరగకుండా లేచి నిలిచిన గట్టును కొలవకండి. ప్యాడు తిరిగే దారిలో, మైక్రోమీటరుతో చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి. ఆ అంకెకు చేరిన డిస్కు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఇనుము తగ్గిందంటే పాత్ర చిన్నదైందని అర్థం. అంతే వేడి, తక్కువ ఇనుములో. అది త్వరగా కాగుతుంది, పగులుతుంది. లేతు మీద ఫేసింగ్ పట్టించి మళ్ళీ వేసుకుందామంటే, పట్టించాక కూడా కనిష్ఠం కంటే పైన ఉంటుందేమో ముందు లెక్క చూసుకోవాలి. నడిమి నుంచి అంచుదాకా బీటలు కనబడితే లెక్కలు అక్కర్లేదు, తీసి పారేయాల్సిందే. డిస్కులు ఎప్పుడూ జతగా మార్చాలి. ముందు రెండూ, లేదా వెనక రెండూ. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది వేస్తే గట్టిగా తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు.

ఇప్పుడు ఎంపిక. దుకాణంలో మూడు రకాలు చూపిస్తారు. ఒకటి నున్నటి డిస్కు. రెండోది గీతలు చెక్కిన డిస్కు. మూడోది చిల్లులు వేసిన డిస్కు. చక్రం సందుల్లోంచి మెరుస్తూ కనబడే చిల్లుల డిస్కు మీదికే కుర్రవాళ్ళ చూపు పోతుంది. ఆ చిల్లులు మొదట ఎందుకు వచ్చాయో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. పాతకాలపు ప్యాడ్లు కాగినప్పుడు వాటిలోని జిగురు ఆవిరై ప్యాడుకూ డిస్కుకూ మధ్య పొరలా నిలిచేది. ఆ ఆవిరి బయటికి పోవడానికి చిల్లులు వేశారు. ఇప్పటి ప్యాడ్లలో ఆ బెడద చాలావరకు లేదు. చిల్లు వేసిన మేర ఇనుము తగ్గుతుంది, అంటే వేడి మోసే బరువు తగ్గుతుంది. పైగా ప్రతి చిల్లు అంచూ బీట మొదలవడానికి ఒక చోటు. మన దగ్గర ఇంకొకటుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆషాఢ మాసపు గాలిలో అనంతపురం జిల్లా దుమ్ము ఎలా ఉంటుందో. ఆ ఇసుక, ఎర్రమట్టి చిల్లుల్లో దూరి కూర్చుంటాయి. గీతల డిస్కు కొంత మేలు. ప్యాడు ముఖాన్ని గీరి శుభ్రంగా ఉంచుతుంది. పందేల్లో పనికొస్తుంది, కానీ ప్యాడ్లను త్వరగా తింటుంది, కాస్త మోత చేస్తుంది. రోడ్డు మీద వేగంగా, బాధ్యతగా నడిపేవాళ్ళకు నా సలహా ఒక్కటే. కంపెనీ కొలతల్లో, మంచి తయారీదారు చేసిన, నిండు బరువున్న, నున్నటి డిస్కు. కార్బను ఎక్కువున్న పోత అయితే ఇంకా మంచిది.

పెద్ద డిస్కు వేస్తే బండి తొందరగా ఆగుతుందా అని చాలామంది అడుగుతారు. గట్టిగా తొక్కినప్పుడు, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెడలును కొడుతూ పనిచేస్తోందంటే, బ్రేకు తన వంతు పని చేసేసిందని అర్థం. అక్కడినుంచి బండిని ఆపేది టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టు. అరిగిన టైరు మీద ఎంత పెద్ద డిస్కు వేసినా ఒక్క అడుగు కూడా ముందు ఆగదు. పెద్ద డిస్కు వల్ల దొరికే లాభం వేడి మోసే శక్తే. ఘాటు దిగేటప్పుడు, మళ్ళీ మళ్ళీ ఆపేటప్పుడు అది పనికొస్తుంది. కానీ దానికోసం ప్యాడ్లను డిస్కు మీద నొక్కే క్యాలిపరు బ్రాకెట్టు మార్చాలి, చక్రం లోపల చోటు ఉండాలి, ముందు వెనక బ్రేకుల పొత్తు చెడకూడదు. అంత పని తెలిసినవాళ్ళ చేతిలో తప్ప మొదలుపెట్టవద్దు. అదే డబ్బుతో మంచి టైర్లు, మంచి ప్యాడ్లు కొనుక్కుంటే మీ ఇంట్లోవాళ్ళు సుఖంగా ఉంటారు.

కొనేటప్పుడు ఐదు కొలతలు సరిపోవాలి. బయటి వ్యాసం, మందం, మొత్తం ఎత్తు, నడిమి రంధ్రం వ్యాసం, బోల్టు రంధ్రాల వలయం. ఒకే పేరున్న కారులో కూడా టర్బో బండికీ మామూలు బండికీ డిస్కులు వేరుగా ఉండవచ్చు. అందుకే కారు పేరు చెప్పి అడక్కండి, ఛాసిస్ నంబరు చూపించి పార్టు నంబరు తీయించండి. పాత డిస్కును వెంట తీసుకెళ్ళి పక్కన పెట్టి చూడండి. నకిలీ సరుకును పట్టడానికి మన సంత బుద్ధే చాలు. తక్కెడలో పెట్టండి. ఒకే కొలతల డిస్కు అరకిలో, కిలో తేలిగ్గా ఉంటే లోపల ఇనుము మిగుల్చుకున్నారన్న మాట. గాలి సందు రెండు పక్కలా గోడలు ఒకే మందంలో ఉన్నాయా చూడండి. ఒక గోడ మందంగా, ఒకటి పలచగా ఉంటే పోతలో పొరపాటుంది. బిల్లు లేకుండా బ్రేకు సామాను కొనకండి.

గాలి సందు అన్నాను కదా, దాని సంగతి మన రైతులకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. బోరు మోటారు లోపల ఇంపెల్లరు ఎలా ఉంటుంది? నడిమి నుంచి నీళ్ళు లాగి, వంపు తిరిగిన రెక్కల మీదుగా అంచుకు విసురుతుంది. వేగపు కార్ల ముందు చక్రాల డిస్కు కూడా అంతే. రెండు ఇనుప పలకల మధ్య రెక్కలుంటాయి. చక్రం తిరుగుతుంటే నడిమి నుంచి గాలి లాగి అంచుకు విసురుతాయి. డిస్కు వేడిని దించుకునే దారి అదే. కొన్ని డిస్కుల్లో ఆ రెక్కలు వంపుగా ఉంటాయి. అలాంటివాటికి కుడి వేరు, ఎడమ వేరు. ముందుకు తిరిగేటప్పుడు రెక్కల బయటి కొస వెనక్కి వాలి ఉండాలి. తారుమారుగా బిగిస్తే, ఉల్టా తిరిగిన మోటారు నీళ్ళు సరిగా ఎత్తనట్టు, గాలి సరిగా ఆడదు.

ఇక బిగించడం. ఇక్కడే నా మనసులోని మాట ఉంది.

నేను షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో ఒక బండికి కొత్త డిస్కులు వేశాను. మంచి సరుకు, కొత్త ప్యాడ్లు. బండి బ్రహ్మాండంగా ఆగింది. యజమాని సంతోషంగా వెళ్ళాడు. నాలుగైదు నెలలకు తిరిగొచ్చాడు. "అన్నా, బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతాంది. డిస్కు బెండయినట్టుంది" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. డిస్కు కొన్న దుకాణాన్ని నిందించాను. మా పెద్ద మేస్త్రి ఏమీ అనలేదు. డిస్కు విప్పించి, డిస్కు ఆనుకుని కూర్చునే హబ్బు ముఖం మీద వేలితో గీసి చూపించాడు. కింద తుప్పు పొక్కు ఉంది. నేను తుడవకుండానే దాని మీద కొత్త డిస్కు కూర్చోబెట్టాను. "ఇనుములో తప్పు లేదురా. నువ్వు వేసిన పీట వంకర" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చేతుల్లో ఉంది.

ఆ పొక్కు చేసే పని వినండి. హబ్బు దగ్గర వెంట్రుక మందం పొక్కుంటే, డిస్కు అంచుకు వచ్చేసరికి ఆ వంకర రెండింతలవుతుంది. చక్రం తిరిగే ప్రతిసారీ డిస్కు అదే చోట ప్యాడును తాకి తాకి పోతుంది. బ్రేకు తొక్కకపోయినా సరే. కొన్ని వేల కిలోమీటర్లలో అక్కడ ఇనుము పలచబడుతుంది. ఒక చోట పలచన, ఒక చోట మందం. ఆ తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతున్నా పెడలు కింద తెలుస్తుంది. మనం డిస్కు బెండయిందంటాం. చాలాసార్లు అది బెండు కాదు. కూర్చోబెట్టిన నాటి అశుభ్రత, ఆలస్యంగా బయటపడింది.

కాబట్టి పని వరస ఇలా ఉండాలి. బండి గట్టి సమతలం మీద ఉండాలి. మట్టి నేలైతే జాకీ కింద మందపాటి పలక వేయాలి. ఎదురు చక్రాలకు రాళ్ళు పెట్టాలి. నట్లను బండి నేల మీదుండగానే కాస్త వదులు చేసి, తర్వాత లేపాలి. లేపాక స్టాండు పెట్టందే చెయ్యి లోపలికి పోకూడదు. జాకీని నమ్మి కింద దూరి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. క్యాలిపరు విప్పాక రబ్బరు హోస్ మీద వేలాడనివ్వకండి. తీగతో స్ప్రింగుకు కట్టండి. డిస్కును పట్టుకునే చిన్న స్క్రూలు తుప్పు పట్టి మొండికేస్తే, మామూలు స్క్రూడ్రైవరుతో తలలు పాడుచేయకుండా, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరు వాడండి.

పాత డిస్కు వచ్చాక, హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో, ఎమ్రీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి. నట్ల బోల్టుల చుట్టూ, నడిమి గట్టు చుట్టూ మూలమూలా. గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి. మొత్తం పనిలో సగం సమయం ఇక్కడే పోయినా తప్పులేదు. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. బ్రేకు క్లీనరుతో రెండు ముఖాలూ కడగండి. క్లీనరు లేకపోతే సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టండి. ఆ తర్వాత ముఖం మీద చేతివేళ్ళ జిడ్డు తగలనివ్వకండి.

డిస్కు కూర్చోబెట్టి, నట్లు వాషర్లతో అన్నివైపులా సమంగా బిగించి, డయల్ గేజి పెట్టి తిప్పండి. అంచుకు పది మిల్లీమీటర్ల లోపల ముల్లు ఆనాలి. ఒక చుట్టు తిరిగేసరికి వంకర 0.05 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే డిస్కును ఒక్క బోల్టు పక్కకు జరిపి మళ్ళీ కొలవండి. రెండు చిన్న వంకరలు ఒకదాన్నొకటి సరిచేసుకునే చోటు ఒకటి దొరుకుతుంది. ఈ గేజి ప్రతి షెడ్డులో ఉండదు. ఉన్నచోట ఐదు నిమిషాల పని. వేగపు బండి ఉన్నవాళ్ళు ఆ ఐదు నిమిషాలు అడిగి మరీ చేయించుకోవాలి.

కొత్త డిస్కుకు కొత్త ప్యాడ్లే వేయాలి. పాత ప్యాడు పాత డిస్కు గీతలకు అలవాటుపడి ఉంటుంది. క్యాలిపరు పిస్టను వెనక్కి నెట్టేటప్పుడు బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి, పొంగుతుందేమో చూస్తుండండి. పెయింటు మీద పడితే తినేస్తుంది. ఎలక్ట్రిక్ హ్యాండు బ్రేకు ఉన్న బండ్ల వెనక క్యాలిపర్లను బలవంతంగా నెట్టకూడదు, ముందు సర్వీసు మోడులో పెట్టాలి. గ్రీజు స్లైడు పిన్నులకు మాత్రమే, అదీ వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజే. చివర చక్రం నట్లను ఎదురెదురుగా, వరస తప్పకుండా, టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పిన లెక్కకు బిగించండి. గన్నుతో టకటకా బిగించి వదిలేస్తే నట్లు తలా ఒక తీరుగా లాగి, శుభ్రంగా కూర్చోబెట్టిన డిస్కునే వంచుతాయి. బండి కదిలించే ముందు పెడలు గట్టిపడేదాకా పదిసార్లు తొక్కండి. ఇది మరిచిపోయి షెడ్డు గోడకు గుద్దిన బండ్లున్నాయి.

ఆ తర్వాత మచ్చిక చేయాలి. కొత్త కోడెను కాడికి అలవాటు చేసినట్టే. తెల్లవారుజామున రద్దీలేని రోడ్డు చూసుకోండి. 60 నుంచి 20కి మధ్యస్థంగా తొక్కి తగ్గించండి, మళ్ళీ వేగం అందుకోండి. పూర్తిగా ఆపకుండా ఇలా ఎనిమిది, పది సార్లు. అప్పుడు ప్యాడు నుంచి ఒక పలచటి పొర డిస్కు మీద సమంగా పరచుకుంటుంది. తర్వాత పది నిమిషాలు బ్రేకు తొక్కకుండా మెల్లగా నడిపి చల్లారనివ్వండి. కాగిన డిస్కు మీద ప్యాడును బిగబట్టి నిలబడితే, ఆ ఒక్కచోట ప్యాడు అచ్చు పడుతుంది. అదీ వణుకుకు దారే. కాగిన చక్రాల మీద నీళ్ళు కొట్టకండి. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఇంట్లో అమ్మను అడగండి.

ఆయిలు మాటా చెప్పి ముగిస్తాను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఘాటులో అది మరిగితే పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకొకసారి మార్చడం డిస్కు మార్చడమంత ముఖ్యం.

శ్రోతలారా, ఈ నేల మీద పుట్టినవాళ్ళకు లెక్క కొత్త కాదు. బిందె నీళ్ళు ఎంతమందికి రావాలో మన అమ్మలకు తెలుసు. పదునున్న నాలుగు రోజుల్లో విత్తనం ఎంత లోతుకు పడాలో మన రైతులకు తెలుసు. లోతు తప్పితే మొలక రాదని తెలుసు గనుకే గొర్రు పట్టినప్పుడు చెయ్యి వణకనివ్వరు. వేడి లెక్క కూడా అలాంటిదే. మన పెనుకొండలో కారు చేసే చేతులు పెరిగాయి. దాన్ని విప్పి, తుడిచి, కొలిచి, సమంగా కూర్చోబెట్టే చేతులు కూడా మన ఊళ్ళలోనే, మన ఐటీఐల్లో, మన రోడ్డు పక్క షెడ్లలో పెరగాలని నా కోరిక. ఈసారి మీ బండికి డిస్కులు మార్పించేటప్పుడు కాసేపు పక్కన నిలబడండి. పాత డిస్కు ఊడి వచ్చాక మేస్త్రి వైరు బ్రష్షు అందుకుంటే, తొందరపెట్టకండి. ఆ హబ్బు మెరిసేదాకా రుద్దనివ్వండి. హార్స్‌లీ కొండ దిగే రోజున మీ పిల్లలు వెనక సీట్లో నిద్రపోతూ ఉంటారు. మీ కాలి కింద పెడలు గట్టిగా, నిశ్చలంగా ఉంటుంది.